బెజవాడ తీర్పు

రాజవీథిలో ఒక బాలుడు రథచక్రముల క్రింద పడి మరణించెను. రథము నడపినవాడు యువరాజు. బాలుని తల్లి ఇంటింటికి తిరిగి చింతచిగురు అమ్ముకొని జీవించు బీదరాలు. ఫిర్యాదు వినవలసిన న్యాయాధిపతి యువరాజునకు కన్నతండ్రి. ఆంధ్రదేశమున తరతరములుగా చెప్పుకొనబడుచున్న న్యాయవిచారణలలో ఇంతకంటె సంక్షిప్తమైన కేసు లేదు. ఇంతకంటె చిక్కైనదియు లేదు. ఆ కేసు రికార్డును మరల ఒకమారు తెఱచి చూడవలెనని మా సంకల్పము. తీర్పును కొట్టివేయుటకు గాదు. ఆ తీర్పులో మనము దేనిని మెచ్చుకొనుచున్నామో, దేనిని మెచ్చుకొనవలసియున్నదో విడదీసి చూచుటకు.

కథ బెజవాడవారికి కొత్త గాదు. మాధవవర్మ యను రాజు ఆ పట్టణమును పాలించుచుండెను. అతని కుమారుడు ఒకనాడు వీథిలో రథము వడిగా తోలుచుండగా ఆ బీదరాలి కొడుకు చక్రముల క్రింద పడి చనిపోయెను. తల్లి రాజద్వారమునకు వచ్చి మొఱపెట్టుకొనెను. రాజు విచారించి, తన కుమారుడు దోషియని తేల్చి, ప్రాణమునకు ప్రాణమే శిక్షయని మరణదండన విధించెను. శిక్ష అమలు జరిగెను. రాజు ధర్మనిష్ఠకు దైవము మెచ్చి పట్టణముపై బంగారు వాన కురిపించెననియు, చనిపోయిన బాలురిద్దఱును మరల బ్రతికిరనియు చెప్పుదురు. అది మల్లేశ్వరుని కృప యని కొందఱు, దుర్గ కృప యని కొందఱు. ఇంద్రకీలాద్రిపై వెలసిన అమ్మవారికి కనకదుర్గ యను పేరు ఆ కనకవర్షమువలననే వచ్చినదని నమ్మువారును కలరు. చెప్పువారినిబట్టి వివరములు మాఱుచుండును. తీర్పు మాత్రము మాఱదు.

మాధవవర్మ యను పేరు చరిత్రకు తెలిసినదే. అయిదవ శతాబ్దము మొదలు ఏడవ శతాబ్దము వఱకు కృష్ణా గోదావరీ ప్రాంతములను ఏలిన విష్ణుకుండినులలో ఆ పేరు గల రాజులు ఒకరికంటె నెక్కువమంది యుండిరి. ఎందఱు, ఎవరి తరువాత నెవరు అను విషయమున చరిత్రకారులు ఏకాభిప్రాయమునకు రాలేదు. వారి రాగిశాసనములలో ఒక మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసినట్లు చెప్పబడినది. రాగిరేకుల పని దానములను, యజ్ఞములను, వంశావళిని చాటుట. చింతచిగురు అమ్ముకొను స్త్రీ మొఱను దాచుకొన్నది ప్రజల నోరు. పదునొకండు అశ్వమేధములను పండితులు మాత్రమే ఎఱుగుదురు. ఒక్క తీర్పును పామరులు సైతము మఱచిపోలేదు. రాజులను గూర్చి ప్రజలు దేనిని జ్ఞాపకముంచుకొందురో తెలిసికొనుటకు ఇదియే చాలును.

ఈ కథ కృష్ణాతీరముననే నిలిచిపోలేదు. విజయనగర సంస్థానాధిపతులైన పూసపాటివారు మాధవవర్మను తమ మూలపురుషునిగా చెప్పుకొందురు. ఆ యింటిపేరు దక్షిణమున పశ్చిమ కనుమల పాదముననున్న రాజపాళయములోను వినబడును. విజయనగర, నాయకరాజుల కాలమున వలసపోయిన ఆంధ్ర క్షత్రియులు అచ్చట స్థిరపడి, నాలుగువైపుల తమిళము వినబడుచుండగా ఇండ్లలో తెలుగును కాపాడుకొనుచు వచ్చిరి. 1949లో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రియై, గణతంత్రము ఏర్పడిన పిమ్మట 1952 వఱకు ముఖ్యమంత్రిగానుండిన పూసపాటి సంజీవి కుమారస్వామిరాజుగారు రాజపాళయమువారే. ఆ పట్టణమునకు చేరువనే చోళపురమను గ్రామము కలదు. బెజవాడ తీర్పును వంశకథగా చెప్పుకొనుటకు తగిన ఇంటిపేరు ఒకచోట. చోళనామము మోయు ఊరు దాని ప్రక్కనే. ఈ పొరుగుతనము మాకు ముచ్చటగా తోచినది. ఏలయన, బెజవాడ కేసునకు చోళదేశమున ఒక జంట కేసు కలదు.

ఆ కేసు తిరువారూరు వీథిలో జరిగినది. చోళరాజు కుమారుని రథము క్రింద ఒక ఆవుదూడ పడి చచ్చెను. రాజద్వారమున న్యాయార్థులకై కట్టిన గంటను తల్లియావు కొమ్ములతో మ్రోగించెను. రాజు సంగతి తెలిసికొని, ఆవు పడిన దుఃఖమును తానును పడవలయునని నిశ్చయించి, కుమారుని మీదుగా రథము తోలుమని మంత్రి నాజ్ఞాపించెను. మంత్రి ఆ పని చేయలేక తన ప్రాణములను తీసికొనెను. అప్పుడు రాజే రథము తోలెను. ఇచ్చటను దైవము ప్రత్యక్షమై అందఱిని బ్రతికించెను. ఆ రాజును తమిళులు మనునీతిచోళుడని కీర్తింతురు. చిలప్పదికారమున కణ్ణగి పాండ్యరాజు నెదిరించి మాటలాడునపుడు ఈ వృత్తాంతమును తలచును. పండ్రెండవ శతాబ్దమున శేక్కిళారు పెరియపురాణములో దీనిని విస్తరించెను. తిరువారూరు త్యాగరాజస్వామి ఆలయము వద్ద రాతితేరు రూపమున ఈ కథ నేటికిని నిలిచియున్నది. మద్రాసు హైకోర్టు ప్రాంగణములో ఆ చోళుని విగ్రహము కలదు. దాని ప్రక్కగా పోవు మన వకీలు మిత్రులలో ఎందఱు ఆగి చూతురో చెప్పజాలము.

సింహళమున వ్రాయబడిన మహావంశములోను ఇదే కథ అనురాధపురమును ఏలిన చోళుడగు ఏళారునిపై చెప్పబడినది. అచ్చట రాజు ఆ రథచక్రముతోనే కుమారుని శిరస్సును ఖండింపించెను. ఆ గ్రంథమే మఱియొక సంగతిని కూడ చెప్పుచున్నది. ఏళారుని రథము ఒకనాడు ఒక బౌద్ధస్తూపమునకు తగిలి రాళ్లు కదిలెను. రాజు రథము దిగి దారిలో పండుకొని, తన తలను కూడ చక్రముతో ఖండింపుడనెను. మంత్రులు అందులకు సమ్మతింపక, స్తూపమును బాగు చేయింపుడని చెప్పిరి. పడిపోయినవి పదునైదు రాళ్లు. వానికై రాజు పదునైదువేల కార్షాపణములు వెచ్చించెను. కొడుకు కేసులో శిరచ్ఛేదము, తన కేసులో పరిహారము! మంత్రులు చెప్పిన న్యాయము రాజు చెప్పిన న్యాయముకంటె మెఱుగని వకీలు బుద్ధికి తోచినచో తప్పుపట్టనక్కఱలేదు.

ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నది?

మాధవవర్మ ఆస్థానములో ముద్దాయి తరపున ఒక వకీలు నిలిచియుండినచో అతని చేతిలో ఏ గ్రంథముండెడిది? మనుస్మృతి యెనిమిదవ అధ్యాయములో బండిప్రమాదములనుగూర్చి కొన్ని శ్లోకములు కలవు. ఇరుసు విరుగుట, చక్రము విరుగుట, కాడి విరుగుట, ముక్కుత్రాడు తెగుట, పగ్గములు తెగుట, బండి అడ్డముగా తిరుగుట వంటి పది సందర్భములలో హాని జరిగినను శిక్ష లేదని మనువు చెప్పెను. ఆ పదింటిలో కడపటిది మిక్కిలి ఆసక్తికరము. బండి తోలువాడు తప్పుకొనుడని బిగ్గఱగా కేకవేసియున్నచో వానికి శిక్ష లేదు. అది ఆనాటి మోటారు హారను!

అంతటితో ఆగినచో ఆ శాస్త్రము బండివారి పక్షమున వ్రాయబడినదనవలసి వచ్చెడిది. కాని తరువాతి శ్లోకములు వేఱు దారి పట్టుచున్నవి. తోలువానికి నేర్పు లేకపోవుటచేత బండి దారి తప్పి హాని జరిగినచో యజమానుడు ఇన్నూఱు పణములు చెల్లింపవలయును. తోలువాడు నేర్పరియై కూడ అజాగ్రత్త చూపినచో వాడే దండనార్హుడు. తోలువాడు నేర్పులేనివాడైనచో ఆ బండిలో కూర్చున్నవారును ఒక్కొక్కరు నూఱు పణముల చొప్పున చెల్లింపవలయును. తెలిసి తెలిసి పనిరానివానిచేతికి పగ్గములిచ్చి వెనుక సుఖముగా కూర్చుండువాడు నిర్దోషి కాడని దీని తాత్పర్యము. మనిషి చచ్చినచో తోలువాని దోషము చోరుని దోషముతో సమానమని శాస్త్రము చెప్పెను. ఆవు, ఏనుగు, గుఱ్ఱము వంటి పెద్ద ప్రాణులు చచ్చినచో అందులో సగము.

ఈ గ్రంథము చేతబట్టి మన వకీలు ఏమని వాదించియుండును? యువరాజు కేకవేసెనా? పగ్గము తెగెనా? గుఱ్ఱములు బెదరెనా? యువరాజు నేర్పరియా, కాడా? నేర్పరి కానిచో ఆ గుఱ్ఱములను వానికిచ్చిన యజమానుడెవడు? ఈ కడపటి ప్రశ్న అడిగినంతనే సభలో నిశ్శబ్దము వ్యాపించియుండును. ఏలయన రథమునకు యజమానుడు రాజు. న్యాయపీఠముపై కూర్చున్నవాడును ఆయనయే. కథ ఈ ప్రశ్నలలో ఒక్కదానినైనను ఎత్తదు. ప్రాణము పోయినది, రథము రాజపుత్రునిది, కనుక ప్రాణమునకు ప్రాణము. న్యాయశాస్త్రదృష్టితో చూచినచో ఇది విచారణ గాదు, త్యాగము.

పీనలుకోడులో చేర్చబడిన దఫా

పాశ్చాత్యదేశములలోను ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకలేదు. ఇంగ్లండులో బండి తగిలి మనిషి చనిపోయినచో ఆ బండినిగాని, గుఱ్ఱమునుగాని, దాని విలువనుగాని రాజునకు జప్తుచేయు ఆచారము శతాబ్దములపాటు సాగెను. వస్తువునే ముద్దాయిగా నిలుపు విచిత్రమైన న్యాయమది. రైళ్లు వచ్చిన పిమ్మట జూరీలు ఇంజనుల విలువను పెద్ద మొత్తములుగా నిర్ణయింపజొచ్చిరి. కంపెనీలు గగ్గోలు పెట్టెను. 1846లో ఆ ఆచారము రద్దయ్యెను. అదే సంవత్సరమున, చనిపోయినవాని భార్యాబిడ్డలు పరిహారము కోరుటకు హక్కు కల్పించు చట్టము అచ్చట వచ్చెను. దానిని అనుసరించి 1855లో మన దేశమునకును ప్రాణనష్టపరిహారపు చట్టము వచ్చెను. అనగా, శిక్షింపదగినది చక్రము కాదు, ఆదుకొనదగినది ఖజానా కాదు అని గ్రహించుటకు ఆంగ్లేయులకు అంతకాలము పట్టినది.

మన పీనలుకోడు చరిత్రలోను ఒక వింత కలదు. మెకాలే 1837లో తయారుచేసిన ముసాయిదాలో సాహసముచేతను అజాగ్రత్తచేతను ప్రాణము తీయుటకు ప్రత్యేకమైన నిబంధన యుండెను. 1860లో కోడు శాసనమైనపుడు అది జారిపోయెను. పది యేండ్ల అనంతరము, 1870లో, సవరణచట్టముద్వారా 304-ఏ అను సెక్షనుగా అది వచ్చి చేరెను. గరిష్ఠశిక్ష రెండేండ్ల ఖైదు. మోటారు మన దేశపు రోడ్లపైకి రాకముందే వ్రాయబడిన ఆ నాలుగు వాక్యములైనను లేని సెక్షనుపైననే ఒకటిన్నర శతాబ్దముపాటు దేశములోని బండి, కారు, బస్సు, లారీ మరణముల కేసులన్నియు నడచినవి.

ఆ సెక్షనులోని రెండు మాటలకు అర్థము చెప్పిన గౌరవము మద్రాసు హైకోర్టునకు, ఒక తెలుగువాని కేసునకు దక్కినది. 1872నాటి నిడమర్తి నాగభూషణము కేసు అది. అది బండి గుద్దిన కేసు కాదు. ఐనను తరువాతి బండికేసులలో వకీళ్లు దానిని ఉదాహరించుచు వచ్చిరి. న్యాయమూర్తి హాలోవే చేసిన విభజన ఇట్టిది. కీడు కలుగవచ్చునని తెలిసియు, కలుగదులే యను ఆశతో, తగినంత జాగ్రత్తపడితినను నమ్మకముతోనైనను పనికి పూనుకొనుట సాహసము. కీడు కలుగునను స్ఫురణయే లేకుండుట, కాని పౌరునకు విధియైన జాగ్రత్తను చూపియున్నచో ఆ స్ఫురణ కలిగియుండెడిదే యగుట అజాగ్రత్త. మొదటివాడు ప్రమాదమును చూచి దూకినవాడు. రెండవవాడు చూడవలసినచోట చూపు నిలుపనివాడు. ఇద్దఱిలో ఎవ్వడును చంపవలెనని తలచినవాడు కాడు.

ఈ కొలబద్దతో యువరాజును కొలిచినచో హత్యానేరము నిలువదు. రద్దీవీథిలో గుఱ్ఱములను వడిగా తోలినాడు గనుక సాహసము ఋజువు కావచ్చును. పీనలుకోడు క్రింద గరిష్ఠముగా రెండేండ్లు. మనువు క్రింద చోరునకు తగిన దండన. ఏ కోర్టు నడిగినను మరణదండన రాదు. కనుక మాధవవర్మ తీర్పును దాని కాఠిన్యమునకై మెచ్చుకొనువారు పొరపడుచున్నారని మా యభిప్రాయము. కఠినశిక్షయే న్యాయమైనచో ప్రతి నిరంకుశుడు ధర్మరాజే.

మఱి ఆ తీర్పు ఏల నిలిచినది?

ఆ తీర్పులో నిలువదగినవి మూడు కలవు. మొదటిది, మొఱ వినబడినది. చింతచిగురు గంపతో వచ్చిన స్త్రీని ద్వారపాలకులు తఱిమివేయలేదు. తిరువారూరులో నోరులేని ఆవునకు సైతము గంట అందుబాటులోనుండెను. రెండవది, ముద్దాయి ఎవరని తెలిసిన పిమ్మట విచారణ తీరు మాఱలేదు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, యువరాజు స్థానమున మఱియొకడు నిలుపబడలేదు. రాజభవనములో సారథులకు కొదువ యుండదు. రథము తోలినవాడు సారథియని ఒక్క మాట చెప్పియున్నచో కాదనగలవారు ఆ పట్టణమున లేరు. ఆ ఒక్క మాట చెప్పకపోవుటయే మాధవవర్మ తీర్పు.

ఇది ఎంత అరుదైన సంగతియో తెలిసికొనుటకు మోటారు యుగపు తొలి కేసులను చూచిన చాలును. 1896 ఆగస్టులో లండను క్రిస్టలు ప్యాలెసు వద్ద బ్రిజెట్ డ్రిస్కల్ అను స్త్రీ మోటారు తగిలి మరణించెను. బ్రిటనులో పెట్రోలు కారు క్రింద పడి చనిపోయిన తొలి పాదచారి ఆమెయే యందురు. జూరీ యాదృచ్ఛికమరణమని తేల్చినది. డ్రైవరుపై ప్రాసిక్యూషను జరుగలేదు. మూడేండ్ల తరువాత, 1899 సెప్టెంబరులో, న్యూయార్కులో ట్రాము దిగుచున్న హెన్రీ బ్లిస్ అను పెద్దమనిషిని విద్యుత్తుతో నడచు టాక్సీ గుద్దెను. డ్రైవరుపై నరహత్యానేరము మోపబడెను, నిర్దోషియని విడువబడెను.

1905 ఏప్రిలులో ఇంగ్లండులోని మార్కియేట్ గ్రామములో నాలుగేండ్ల బాలుని గుద్ది చంపిన కారు ఆగకుండ పోయెను. ప్రమాదము జరిగినచో ఆగవలెనను విధిని, బండ్లకు నంబరు పలకలను 1903నాటి చట్టము అప్పటికే తెచ్చియుండెను. దేశమంతట ఆగ్రహము చెలరేగెను. డెయిలీ మెయిలు పత్రిక దోషిని పట్టిచ్చినవారికి నూఱు పౌనుల బహుమానము ప్రకటించెను. తుదకు తేలినదేమి? ఆ కారు ఆ పత్రికాధిపతి సోదరునిదే! డ్రైవరునకు ఆరునెలల ఖైదు పడెను. తోలినవాడు అతడే గనుక ఆ శిక్షను అన్యాయమనలేము. కాని రాజునకు సారథియుండుటకు, రాజపుత్రుడే పగ్గము పట్టుటకు ఎంత తేడా యున్నదో ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టినచో తెలియును. ధనవంతుని బండి చేసిన హానికి జైలుదారి సామాన్యముగా జీతగాని వైపుననే తెఱచియుండును.

నేటి వీథి

మధురనుండి శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయముల మీదుగా తెన్‌కాశికి పోవు రోడ్డుపై నేడు రథములు లేవు; నూలుమిల్లుల లారీలు, బస్సులు, మోటారుసైకిళ్లు కలవు. దాని ప్రక్కన కూరగాయల గంపలతో కూర్చున్న స్త్రీలు మాత్రము మాధవవర్మనాటివలెనే కలరు. కేంద్రప్రభుత్వపు రవాణాశాఖ లెక్క ప్రకారము 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. ఒక్కొక్క దినమునకు నాలుగువందల అరువదికి పైబడిన సంఖ్య యిది.

చట్టమును కఠినము చేయవలెనను కోరిక వినబడుట సహజము. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 106వ సెక్షను ఈ నేరమునకు గరిష్ఠశిక్షను అయిదేండ్లకు పెంచినది. గుద్ది, పోలీసులకుగాని మేజిస్ట్రేటునకుగాని తెలుపకుండ పాఱిపోయినవానికి పదేండ్లవఱకు శిక్షయని దాని రెండవ భాగము చెప్పుచున్నది. అది అమలుకు రాకముందే, 2024 జనవరిలో, దేశమంతట లారీడ్రైవర్లు సమ్మె చేసిరి. ఆగినచో గుంపు కొట్టి చంపును, ఆగనిచో చట్టము పదేండ్లు వేయునని వారి వాదము. సంహిత అమలు తేదీని ప్రకటించినపుడు ఆ రెండవ భాగమును ప్రభుత్వము ప్రక్కన పెట్టినది. డ్రైవర్ల భయము బూటకమని మేమనజాలము. గుంపున్యాయమును ఆపలేని రాజ్యము పాఱిపోయినవానిని నిందించునపుడు స్వరము కొంత తగ్గించుకొనవలసియుండును. ఐనను రోడ్డుపై ప్రాణములతో పడియున్నవానికి ఆ మొదటి గడియ ఎంత విలువైనదో తెలిసినవారెవ్వరును ఆ విధిని పూర్తిగా వదలుకొనరాదు. పోలీసు ఠాణాకు పోయి చెప్పినవానికి రక్షణ దొరకునను నమ్మకము కలిగించుట ప్రభుత్వపు పని.

కాని శిక్షాపరిమాణముపై ఇంత చర్చ జరుగుచుండగా మాధవవర్మ యెదుర్కొన్న అసలు ప్రశ్న మూలబడుచున్నది. 2024 మే నెలలో పుణె నగరమున మిక్కిలి ఖరీదైన కారొకటి మోటారుసైకిలును గుద్దగా ఇద్దఱు యువ ఇంజనీర్లు మరణించిరి. కారు నడపినవాడు పదునెనిమిదేండ్లు నిండని బాలుడని కేసు. ప్రమాదములపై మూడువందల మాటల వ్యాసము వ్రాయవలెనను షరతుతో జువినైలు బోర్డు వానికి తొలుత జామీనిచ్చినది. దేశము నివ్వెఱపోయినది. తరువాత రక్తపరీక్షకై తీసిన నమూనాను మార్చిరను ఆరోపణపై తలిదండ్రులను, వైద్యులను పోలీసులు అరెస్టు చేసిరి. ఆ ఆరోపణల నిజానిజములు కోర్టులు తేల్చవలసినవి. కాని ఆ వార్త చదివిన ప్రతివానికి తోచిన ప్రశ్న యొక్కటే. బండి ఎవరిదో, నడిపినది ఎవరి బిడ్డయో తెలిసిన తరువాతనైనను కేసు ముందటివలెనే నడచునా?

ఇందులకు చట్టములో నేడొక ఆయుధము కలదు. 2019లో మోటారువాహనముల చట్టమునకు చేసిన సవరణచేత 199-ఏ అను సెక్షను చేరినది. మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడు లేక బండి యజమానుడు దోషియని భావింపబడును. మూడేండ్లవఱకు ఖైదు, ఇరువదియైదువేల రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ మైనరునకు ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. తనకు తెలియకనే, లేదా తాను తగిన జాగ్రత్త తీసికొన్న పిమ్మటనే నేరము జరిగినదని ఋజువుచేసికొను భారము తండ్రిదే. నేర్పులేనివానిచేతికి పగ్గములిచ్చినవాడును చెల్లింపవలెనన్న పురాతనసూత్రము ఇన్నాళ్లకు ఆధునికశాసనమైనది. మాధవవర్మ సభలో ఎవ్వరును అడుగని ప్రశ్నను పార్లమెంటు అడిగినది.

మఱచిపోయిన ఫిర్యాది

కథలో మఱియొక లోపమును కూడ చెప్పి ముగింతుము. రాజు పేరు మనకు తెలియును. యువరాజు సంగతి తెలియును. బంగారు వాన కురిసిన పట్టణము తెలియును. ఆ తల్లి పేరేమి? చెప్పువారు చెప్పరు, వినువారు అడుగరు. బంగారము ఊరంతట కురిసినదందురు. ఆమె గంపలో ఎంత పడినదో కథకు పట్టలేదు. దైవము బిడ్డను బ్రతికించి యుండనిచో ఆమె ఇంటికి పోయి మఱునాడు మరల చింతచిగురు కోసికొనవలసినదే. యువరాజు ప్రాణము పోవుటచేత ఆమె కుండలో గింజలు పెరుగవు.

మన సుప్రీముకోర్టు 1979లో రత్తన్ సింగ్ కేసులో లారీడ్రైవరునకు పడిన రెండేండ్ల శిక్షను స్థిరపఱచుచు ఈ లోపమునే ఎత్తిచూపినది. నేరమువలన నష్టపడినవారిని, ఖైదీపై ఆధారపడిన ఇంటివారిని పట్టించుకొనకపోవుట మన న్యాయశాస్త్రపు బలహీనత యని జస్టిస్ కృష్ణయ్యరు ఆ తీర్పులో విచారము వెలిబుచ్చెను. పరిహారమునకై ట్రైబ్యునళ్లున్నవి, నిర్బంధబీమా 1939నాటి చట్టమునుండియు కలదు. గుద్ది పాఱిపోయిన బండి ఆచూకీ దొరకనిచో మృతుని కుటుంబమునకు రెండులక్షల రూపాయలిచ్చు పథకము 2022 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్నది. ఈ సంగతి ఎఱిగిన బీదకుటుంబములెన్ని? దరఖాస్తు వ్రాసిపెట్టువారెవరు? రాజద్వారమున గంట కలదు. త్రాడు మాత్రము పేదవాని చేతికందుచున్నదా యని చూడవలసినవారు ఆ ద్వారమున నిత్యము తిరుగాడు వకీళ్లు, వైద్యులు, ఉద్యోగులే.

మా పాఠకులలో పెక్కురకు కార్లున్నవి. పెక్కురకు యౌవనములో అడుగిడుచున్న కుమారులును, కుమార్తెలును కలరు. సాయంకాలము తాళపుచేతులు బల్లపై పడియుండును. పదునాఱేండ్ల కుఱ్ఱవాడు వానివైపు చూచునపుడు ఆ యింటిలో ఒక చిన్న న్యాయస్థానము కూర్చుండును. అందు తండ్రియే న్యాయాధిపతి. అప్పుడు కాదనుటకు ధైర్యము చాలనివాడు, తరువాత పోలీసు ఠాణాలో డ్రైవరు పేరు చెప్పుటకు సిద్ధపడును. మాధవవర్మ కొడుకును వధ్యశిలకు పంపినాడని లోకము పొగడుచున్నది. ఆ ఉదయము కొడుకు చేతినుండి పగ్గములు తీసికొనియున్నచో, వానను గూర్చిన కథ యుండెడిది కాదు. చింతచిగురు అమ్ముకొను తల్లి బిడ్డను వెంటబెట్టుకొని ఇల్లు చేరెడిది. బంగారము కురియని ఆ మామూలు దినమునే మేము మన పట్టణములకు కోరుచున్నాము.